లాప్‌టాప్ కొన్న వైనం

మా ఇంట్లో ఏ వస్తువు కొనాలన్నా మూడు రోజులపాటు నేను ఉపన్యాసాలిస్తాను. నాలుగో రోజున మా ఆవిడ వెళ్ళి కొనుక్కొస్తుంది. మిక్సీ అలాగే వచ్చింది. బట్టలుతికే మెషీనూ అలాగే వచ్చింది. 2020లో ఒక్క లాప్‌టాప్ విషయంలో మాత్రం నా మాట నెగ్గింది. నెగ్గకుండా ఉంటే ఎంత బాగుండేదో అని ఇంటిల్లిపాదీ ఈనాటికీ అనుకుంటూ ఉంటారు.

ఆ ఏడు కరోనా మూలాన బళ్ళు మూతపడ్డాయి గదా. మా అమ్మాయి అప్పుడు ఎనిమిదో తరగతి. ఫోనులో పాఠాలు వినీ వినీ పిల్ల కళ్ళు పాడైపోతున్నాయని ఇరవై రెండు వేలు పోసి ఒక లాప్‌టాప్ తెప్పించాను. సన్నగా, తెల్లగా, చూడముచ్చటగా ఉంది. అందులో చోటు 64 జీబీ అని పెట్టె మీద రాశారు. కళలే అరవై నాలుగు, మన సంసారానికి అంతకన్న ఎందుకులే అనుకున్నాను. తెలుగు మేష్టరికి అంతకన్న మంచి లెక్క ఎలా తోస్తుంది? తీరా చూస్తే అందులో సగం దాకా విండోసే ఆక్రమించుకుని కూర్చుంది. ర్యామ్ నాలుగు జీబీలే. పోనీ లోపలి నిల్వ పెంచుదామా అంటే అది తీసి మార్చే రకం కాదట. ఇ.ఎం.ఎం.సి. అనే చవకరకం చిప్పు, బోర్డుకే అతికించేసి ఉంది. చోటు చాలక, అప్‌డేటు వచ్చినప్పుడల్లా ఆ యంత్రం ఆయాసపడేది.

అర్ధసంవత్సర పరీక్ష నాడు, లెక్కల పేపరు మధ్యలో, తెర మీద చుక్కలు గుండ్రంగా తిరగటం మొదలెట్టాయి. అవి ఆగేసరికి పరీక్ష వేళ దాటిపోయింది. మా అమ్మాయి ఏడవలేదు, నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే పెద్ద శిక్ష. ఆ తరువాత నేను పెన్సిలు కొనుక్కొచ్చినా అటూ ఇటూ తిప్పి చూసి గాని పుచ్చుకొనేది కాదు.

ఆ తెల్ల లాప్‌టాప్ మూడేళ్ళకే కాలం చేసింది. ఇహ మిగిలింది 2014లో కొన్న డెస్క్‌టాప్ కంప్యూటరు. దానికి 2025లో గండం వచ్చిపడింది. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మామూలు భద్రతా సవరణలు ఆపేస్తున్నామని మైక్రోసాఫ్టు వారు ముందుగానే ప్రకటించారు. కొత్త విండోస్ 11 వేద్దామంటే, ఇంటెల్ ప్రాసెసరు అయినట్లయితే ఎనిమిదో తరం నుంచే ఉండాలట. టి.పి.ఎం. అనే తాళం చిప్పు ఒకటి ఉండాలట. మాది నాలుగో తరం. మా కాలేజీలో ఫిజిక్సు చెప్పే మిత్రుడు చూసి, ‘మాస్టారూ, ఇది నడుస్తుంది, కాని ఇంటర్నెట్టు తగిలించి డబ్బు లావాదేవీలు మాత్రం చెయ్యకండి’ అన్నాడు. ఇంకో ఏడాది సవరణలు పొందటానికి ఏదో దారి ఉన్నదని కూడా చెప్పాడు. పదకొండేళ్ళ యంత్రానికి ఏడాది ఆయుష్షు పోయించటం కంటె కొత్తది కొనటమే మేలని తీర్మానించాం.

డబ్బు మా ఆవిడ చీటీ పాడితే వచ్చినది, యాభై అయిదు వేలు. అది నిజానికి అమ్మాయి చెవులకు దుద్దులు చేయిద్దామని దాచిన సొమ్ము. 2025 చివర బంగారం ధర చూశాక, ఆ డబ్బుకు అర తులం కూడా రాదని తెలిసి, ఆ కోరిక తనంత తనే వాయిదా పడింది. కాని మా ఆవిడ ఒక మాట మాత్రం గట్టిగా చెప్పింది: ‘ఈసారి దీన్ని వాడేవాళ్ళందరూ ఏమేం కావాలో కాగితం మీద రాయండి. పెట్టె మీద రాసింది తరువాత చదువుదాం.’

ఆవిడ హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. ప్రశ్నపత్రాలు, మార్కుల పట్టికలు ఆవిడ పని. అమ్మాయి ఇప్పుడు బి.ఎస్‌సి. మొదటి సంవత్సరం, డేటా సైన్సు. పైథాన్ అనే కంప్యూటరు భాషలో ప్రోగ్రాములు రాయాలి, రోజూ బస్సులో కాలేజీకి మోసుకుపోవాలి. మా అమ్మకు ప్రతి ఆదివారం ఉదయం డాలస్‌లో ఉన్న మా అన్నయ్యనూ, మనవణ్ణీ చూడాలి. ఫోను తెర మీద వాడి మొహం అగ్గిపెట్టె అంత కనిపిస్తోందని ఆవిడ ఫిర్యాదు. ఇహ నేను రాసింది ఒక్కటే: నాన్నగారి ఫైళ్ళు.

అదేమిటో చెప్పాలి. మా నాన్నగారు తెనాలి దగ్గర ఒక పల్లెలో తెలుగు పండితులుగా పనిచేశారు. సెలవు దొరికితే పొలాల వెంట తిరిగి, రైతులనూ, వడ్రంగులనూ, బండ్లు కట్టేవాళ్ళనూ అడిగి వాళ్ళ మాటలు రాసుకొనేవారు. మేడి, నొగ, మోకు, గుంటక, గరిసె, పురి – ఇలాంటివి మూడు వేల పైచిలుకు. 2004లో ఊళ్ళో డి.టి.పి. చేసే కుర్రవాడి చేత వాటిని టైపు చేయించారు. పుస్తకం వెయ్యకుండానే ఆయన వెళ్ళిపోయారు. చేతిరాత పుస్తకాలు ఒక వానాకాలంలో చెదలపాలయ్యాయి. మిగిలింది పాత డెస్క్‌టాపులో ఉన్న ఆ ఫైళ్ళే. దానికి ఏమైనా అయితే ఆ మాటలూ పోతాయి. నేను చదివిన ఎమ్మేకు అంతకన్న అప్రతిష్ఠ ఇంకొకటి ఉండదు.

నవంబరులో ఒక రెండో శనివారం నాడు మల్కాజిగిరి నుంచి బస్సెక్కి ముగ్గురం సికింద్రాబాదు పార్క్‌లేనుకు వెళ్ళాం. అక్కడి చినాయ్ ట్రేడ్ సెంటరును సి.టి.సి. అంటేనే జనానికి తెలుస్తుంది. ఆ భవనం నిండా కంప్యూటర్ల దుకాణాలే. ఇంట్లో కూచుని ఫోనులోనే కొనుక్కోవచ్చు గదా అని మీరు అనవచ్చు. కొనవచ్చు. కాని మీటలు నొక్కి, తెర చూసి, బరువెత్తి కొనటానికి ఫోనులో వీలేదీ?

మొదటి దుకాణంలో కుర్రాడు మా అమ్మాయిని చూడగానే, మీటల కింద రంగురంగుల దీపాలు వెలిగే ఒక లాప్‌టాప్ తీసి ముందు పెట్టాడు. అది ఆటలాడుకునేవాళ్ళ కోసం చేసినది. బొమ్మలు వేగంగా కదలటానికి అందులో విడిగా ఇంకో ప్రాసెసరు ఉంటుంది. దానికి తగ్గట్టు ఫ్యాన్లు, వేడి, పెద్ద చార్జరు. మా అమ్మాయి ఏమీ అనకుండా తన కాలేజీ సంచీ తెరిచింది. అందులో పుస్తకాలు, నీళ్ళ సీసా, అన్నం డబ్బా తెచ్చుకుంది. ఆ లాప్‌టాపునూ, ఇటుకలాంటి దాని చార్జరునూ అందులో పెట్టి, భుజాన తగిలించుకుని, దుకాణంలో నాలుగడుగులు నడిచింది. కుర్రాడు కంగారుపడి వాకిలి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ‘రెండు కిలోలకు పైనే ఉంది నాన్నా, వద్దు’ అని దింపేసింది. పద్నాలుగు అంగుళాల తెర, కిలోన్నర లోపు బరువు అని మా కాగితం మీద కొత్తగా ఒక పంక్తి చేరింది.

ప్రాసెసరు సంగతి నాకు మా ఫిజిక్సు మిత్రుడు జాతకం చెప్పినట్టు చెప్పి పంపించాడు. i5 అనో, రైజెన్ 5 అనో పెద్ద అక్షరాలతో రాసినదాన్ని చూసి మురిసిపోకూడదట. పక్కనున్న నాలుగంకెలు చదవాలి. 7000 వరస రైజెన్లలో మొదటి అంకె అది ఏ సంవత్సరపు జాబితాలోదో చెబుతుంది. మూడో అంకె లోపలి నిర్మాణం ఎప్పటిదో చెబుతుంది. 7520 అని ఉంటే మూడో అంకె రెండు, అంటే 2019లో వచ్చిన నిర్మాణం. 7530 అని ఉంటే మూడు, అది 2020 నాటిది. రెండూ పక్కపక్కన పెడితే పేరు ఒక్కటే, ధరలో కొద్ది తేడా. కాని మొదటిదానిలో నాలుగు కోర్లు, రెండోదానిలో ఆరు. తెలుగులో ఒక్క దీర్ఘం తేడాతో అర్థం మారిపోతుంది గదా, ఇదీ అంతే. ఇంటెల్ వారు 2023 చివరి నుంచి కొత్త రకాలకు ఆ ‘ఐ’ అక్షరం కూడా తీసేశారు గనుక, అవి చదవటానికి ఇంకో పాఠం చెప్పించుకోవాలి. నాకు ఓపిక లేకపోయింది.

ర్యామ్ విషయం మా ఆవిడే తేల్చేసింది. ‘నిల్వ అంటే అటక. ర్యామ్ అంటే వంటింటి గట్టు. అటక ఎంత పెద్దదైనా గట్టు ఇరుకైతే వంట సాగదు’ అంది. నాలుగేళ్ళు చదువుకోవలసిన పిల్లకు పదహారు జీబీలు లేకపోతే లాభం లేదని తీర్పు. దుకాణం కుర్రాడిని ఆవిడ అడిగిన ప్రశ్న ఇంకొకటి ఉంది: ‘తరువాత పెంచుకోవటానికి సందు ఉందా, లేక బోర్డుకు అతికించేశారా?’ కుర్రాడు నన్ను వదిలేసి అప్పటినుంచి ‘మేడం, మేడం’ అంటూ ఆవిడతోనే మాట్లాడాడు.

తెర దగ్గర కూడా నేను పొరబడేవాణ్ణే. ఎదురుగా చూస్తే అన్నీ బాగానే ఉన్నాయి. మా ఆవిడ ఒకదాన్ని వెనక్కి వంచి, పక్కనుంచి చూసి, నన్నూ చూడమంది. నల్లటి జుట్టు బూడిదరంగయింది, మనిషి మొహం ఆకుపచ్చకు తిరిగింది. అది టి.ఎన్. రకం తెర. ఐ.పి.ఎస్. రకమైతే ఏ పక్కనుంచి చూసినా రంగు మారదు. మా అమ్మ మంచం మీద కూచుని, మిగతా వాళ్ళం చుట్టూ చేరి అన్నయ్యతో మాట్లాడతాం గనుక ఇది మాకు ముఖ్యం. ఒక్కరే కూచుని చూసుకునేవాళ్ళకు కాకపోవచ్చు.

నా వంతు వచ్చింది. తెలుగు టైపు చెయ్యవచ్చా అని అడిగాను. దానికి వేరే సాఫ్ట్‌వేరు వేస్తాం, పదిహేను వందలవుతుంది అన్నాడు. అక్కడ నాకు కాస్త గర్వించే అవకాశం దొరికింది. విండోసులోనే తెలుగు ఉంది. పైసా ఖర్చు లేదు. సెట్టింగులలో భాషల దగ్గరికి పోయి తెలుగు చేర్చుకుంటే చాలు. విండోస్ మీటతోపాటు స్పేస్ నొక్కితే ఇంగ్లీషు నుంచి తెలుగుకూ, తెలుగు నుంచి ఇంగ్లీషుకూ మారుతుంది. ఇన్‌స్క్రిప్టు అనే పద్ధతిలో అచ్చులు దాదాపు అన్నీ ఎడమచేతి కింద, హల్లులు చాలావరకు కుడిచేతి కింద ఉంటాయి. అంత అభ్యాసం లేనివాళ్ళకు ఇంగ్లీషు అక్షరాలతో ఉచ్చారణ కొట్టితే తెలుగు వచ్చే పద్ధతి కూడా 2019 నుంచీ విండోసులోనే ఉంది. నేను అక్కడికక్కడే ‘స్త్రీ’, ‘జ్ఞానం’, ‘లక్ష్మి’ అని మూడు మాటలు కొట్టాను. తెలుగు ఖతుల సత్తా చూడటానికి ఈ మూడు మాటలూ చాలు. మూడూ చక్కగా పడ్డాయి. దుకాణం యజమాని లేచి వచ్చి, లక్ష్మి అనే మాట తెర మీద చూసి దణ్ణం పెట్టుకున్నాడు.

ఆ గర్వం అయిదు నిమిషాలు నిలిచింది. జేబులోంచి పెన్‌డ్రైవు తీసి నాన్నగారి వర్డు ఫైలు ఒకటి తెరిచాను. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, టోపీలు పెట్టుకున్న అక్షరాలు, ప్రశ్నార్థకాలు, డాలరు గుర్తులు. ఒక్క తెలుగు ముక్క లేదు. ఇంకో లాప్‌టాపులో పెట్టాను, అదే గొడవ. ‘వైరస్ పట్టింది సార్, ఫార్మాటు కొట్టెయ్యండి’ అన్నాడు కుర్రాడు, దోమ వాలింది కొట్టెయ్యండి అన్నంత తేలిగ్గా. ఇంటిదాకా బస్సులో నేను ఎవరితోనూ మాట్లాడలేదు.

వైరస్ కాదని మర్నాడు మా మిత్రుడు చెప్పాడు. కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. 1991లో యూనికోడు అనే అంతర్జాతీయ పద్ధతి వచ్చినప్పుడు తెలుగుకు 128 గళ్ళు కేటాయించారు. అందులో ‘క’ అక్షరానికి 3093 అనే అంకె. ప్రపంచంలో ఏ యంత్రం చూసినా ఆ అంకె ‘క’యే. కాని ఆ పద్ధతి మన ఇళ్ళల్లోకి రావటానికి చాలాకాలం పట్టింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతోపాటు గౌతమి అనే ఖతి వచ్చింది. డి.టి.పి. దుకాణాలు మాత్రం అంతకు ముందునుంచీ వాడుతున్న పాత పద్ధతినే పట్టుకుని ఉన్నాయి. అందులో లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల అంకెలే, పైన ఖతి అనే వేషం వేస్తే తెలుగులా కనిపిస్తాయి. ఆ ఖతి లేని యంత్రంలో వేషం ఊడి, లోపలివాడు బయటపడతాడు. ‘అంచేత మాస్టారూ, లక్ష రూపాయల లాప్‌టాప్ కొన్నా ఇది ఇలాగే కనిపిస్తుంది. ఆ ఫైళ్ళ కోసం లాప్‌టాప్ ఎంచుకోనక్కరలేదు. పాత డెస్క్‌టాపుకు ఇంటర్నెట్టు వైరు పీకేసి, ఆ ఖతులతో సహా అలాగే ఉంచండి. ఫైళ్ళ నకళ్ళు రెండు వేరే చోట్ల దాచండి. తరువాత యూనికోడులోకి మార్చుకుందురుగాని’ అన్నాడు. పాత కంప్యూటరు మార్పిడికిస్తే రెండు వేలు తగ్గిస్తానని దుకాణంవాడు అన్నాడు సుమండీ. ఇచ్చేసి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. మీ ఇళ్ళల్లోనూ తాతగారి కథలో, అమ్మమ్మ పాటలో ఇలాంటి పాత ఫైళ్ళలో ఉండి ఉండవచ్చు. పాత యంత్రాన్ని సాగనంపే ముందు ఒక్కసారి తెరిచి చూసుకోండి.

ఈ సందడిలో నెల గడిచింది. మేము నచ్చుకున్నదాని ధర నవంబరులో యాభై ఒకటిన్నర వేలు. ‘ఇవాళే తీసుకోండి సార్, రేపు పెరుగుతుంది’ అన్నాడు కుర్రాడు. ఏ దుకాణంలోనైనా ఆ మాటే అంటారు గనుక నేను చిరునవ్వు నవ్వి వచ్చేశాను. డిసెంబరులో వెళితే యాభై అయిదు వేలు. ఆ ఏడు చివర కృత్రిమ మేధ కోసం కట్టే పెద్ద పెద్ద డేటా సెంటర్లకు మెమరీ చిప్పులు తరలిపోయి, ప్రపంచమంతటా ర్యామ్ ధరలు పెరిగాయి. ఇన్నేళ్ళలో దుకాణంవాడు నాకు చెప్పిన ఒకే ఒక్క నిజాన్ని నేను నమ్మలేదు.

ఎంచుకున్నది మా అమ్మాయి. మూడో అంకె మూడు ఉన్న రైజెన్, పదహారు జీబీల ర్యామ్, అందులో సగం తీసి మార్చుకొనే వీలున్నది, 512 జీబీల ఎస్.ఎస్.డి., కిలో నాలుగు వందల గ్రాములు. బిల్లు వద్దంటే వెయ్యి తగ్గిస్తానన్నాడు. మా ఆవిడ ఒప్పుకోలేదు. బిల్లు మీది తేదీ నుంచే వారంటీ లెక్క. యాభై అయిదు వేలలో పద్ధెనిమిది శాతం జి.ఎస్‌.టి. కింద పోయేది ఎనిమిది వేల మూడు వందల తొంభై అని అక్కడే నోటితో లెక్కగట్టి, ‘ఇంత పన్ను కడుతున్నాం, కాగితమైనా తీసుకోకపోతే ఎలా?’ అంది. వడ్డీ లేని వాయిదాలు అని ఇంకో ఎర వేశాడు. వడ్డీని ముందే ధరలో తగ్గించినట్టు చూపి, తరువాత నెలనెలా వసూలు చేస్తారు. ఆ వడ్డీ మీద మళ్ళీ పన్నూ, పైన బ్యాంకువారి రుసుమూ మన నెత్తినే పడతాయి. చీటీ డబ్బు చేతిలో ఉండగా మాకా బాధ లేకపోయింది.

ఇంటికి తెచ్చి తెరవగానే చోటు 476 జీబీలే చూపించింది. నాకు గుండె గుభేలుమంది, మళ్ళీ మోసపోయామా అని. అది మోసం కాదు, తయారుచేసేవారు వెయ్యి చొప్పున, విండోసు 1024 చొప్పున లెక్కించటం వల్ల వచ్చిన తేడా అని అమ్మాయి చెప్పింది. ‘మా పాలవాడి లీటరు లాగా అన్నమాట’ అంది అమ్మ. ఆఫీసు అనే రాతకోతల సాఫ్ట్‌వేరు శాశ్వతంగా వచ్చిందనుకుంటే అది ఏడాదికేనట. ఏడాది తరువాత డబ్బు కట్టక్కర్లేకుండా లిబ్రె ఆఫీసు అనే ఉచిత సాఫ్ట్‌వేరు కూడా అమ్మాయి ముందే వేసేసింది. అందులో తెలుగు నిక్షేపంగా పడుతుంది.

ఇప్పుడు గోడ మీద కాలపట్టిక ఉంది. పగలంతా లాప్‌టాప్ కాలేజీలో. సాయంత్రం ఏడు దాకా మా ఆవిడది. ఆదివారం ఉదయం అమ్మది, అది ఎవరూ ముట్టుకోరాదు. రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది దాకా నాది, కాని ఆ గంటా నా పక్కన అమ్మాయి కూడా కూచుంటుంది. పాత ఖతుల అక్షరాలను యూనికోడుగా మార్చే ప్రోగ్రాము ఒకటి ఇంటర్నెట్టులో తెచ్చింది. అది నూటికి తొంభై మాటలు సరిగ్గానే మారుస్తుంది. ఒత్తుల దగ్గర, ముఖ్యంగా రావడి దగ్గర తడబడుతుంది. ఏ గుర్తు ఎక్కడ తప్పుపడుతోందో చూసి, వాటిని దిద్దటానికి పైథాన్‌లో తనే ఒక చిన్న ప్రోగ్రాము రాసింది. మిగిలినవి పాత డెస్క్‌టాపులో ఫైలు తెరిచి, అందులో చూస్తూ నేను చదువుతాను, తను దిద్దుతుంది. ఇప్పటికి పదకొండు వందల మాటలయ్యాయి.

మొన్న రాత్రి ఒక మాట దగ్గర ఆగింది. ‘నాన్నా, జడ్డిగం అంటే ఏమిటి?’ అని అడిగింది. గొర్రుకు సంబంధించినదేదో అని లీలగా తెలుసు. లేచి నిఘంటువు కోసం అలమార దగ్గరికి వెళుతున్నాను. మంచం మీద పడుకున్న మా అమ్మ లేచి కూచుంది.

‘గొర్రు మీద ఉంటుందే, గింజలు పోసే చెక్క గిన్నె! ఇదిగో, ఇలా పిడికిలి పట్టి, వేళ్ళ సందుల్లోంచి వదులుతూ ఉండాలి. ఎక్కువ వదిలితే మీ తాత కేకలేసేవారు’ అంటూ, గాలిలో చెయ్యి ఆడిస్తూ గింజలు పొయ్యటం మొదలెట్టింది. అమ్మాయి లాప్‌టాప్ అటు తిప్పి, కెమెరా తెరిచింది.